పొగకి తష్ఖీస్ కావాలి, బోరు కాదు

మా అనంతపురం జిల్లాలో బోరు అనే మాటకి రెండు అర్థాలు. ఒకటి చేనులో వేసేది, ఇంకోటి ఇంజన్‌లో పోయేది. రెండింటికీ అప్పు చేయాల్సిందే. చేనులో నీళ్లు పడకపోతే "ఇంకో చోట వేద్దాం" అంటాడు బోరు లారీవాడు. పాత బుల్లెట్ పొగ వదిలితే "బోరుకొచ్చింది సాబ్, విప్పాలి" అంటాడు మెకానిక్. లోపల ఏముందో ఇద్దరూ చూడరు. ఇద్దరి మాటా మనం నమ్ముతాం.

నా కొట్లాట ఈ మాటతోనే. పొగ మర్జ్ కాదు భాయ్, అలామత్. ఉర్దూ మీడియం బడిలో తష్ఖీస్ అనే మాట నేర్చుకున్నా, తెలుగు డిగ్రీలో దాన్నే రోగ నిర్ధారణ అన్నారు. ఏ జబాన్‌లో చెప్పినా వరస మారదు, ముందు తష్ఖీస్, తర్వాతే ఇలాజ్. హకీం సాబ్ నబ్జ్ పట్టుకునేవాడు, ఖారూరా రంగు చూసేవాడు, ఎప్పట్నుంచి, ఏ పూట ఎక్కువ అని అడిగేవాడు. కడుపు కోసి చూద్దాం అంటూ మొదలుపెట్టిన హకీం సంగతి నేను వినలేదు.

పైగా ఇది గుంతకల్లు. రైలు పట్టాల మీద పుట్టి పెరిగిన ఊరు. బొగ్గు ఇంజన్ల జమానాలో ఫైర్‌మన్‌కి చిమ్నీ పొగే ఖబర్. నల్లగా లేచిందంటే గాలి చాలక బొగ్గు సగం మండి వృథాగా పోతోందని తెలిసేది. పొయ్యి సర్దుకునేవాడు. పొగ చూసి బాయిలర్ విప్పమనేవాడు కాదు. అలాంటి ఊళ్లో ఇవాళ పొగ రంగు అడిగే నాథుడు లేడంటే అఫ్సోస్‌గా ఉండదా?

రంగు దగ్గరే మొదలుపెడదాం. నల్లపొగ అంటే పెట్రోల్ ఎక్కువ, గాలి తక్కువ. చోక్ సగంలో ఇరుక్కుని ఉండొచ్చు, ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయి ఉండొచ్చు, కార్బొరేటర్‌లో ఫ్లోట్ లెవల్ తప్పి ఉండొచ్చు, నీడిల్, జెట్ అరిగి ఉండొచ్చు. ప్లగ్గు తీస్తే పొడి మసి కనిపిస్తుంది. వీటిలో ఒక్కదానికీ హెడ్డు విప్పే పనిలేదు. లదాఖ్ షికారు పోయే కుర్రాళ్లకి ఇంకో మాట. కార్బొరేటర్ బండి అంత ఎత్తులో నల్లపొగ వదిలితే ఖరాబు అయినట్టు కాదు, అక్కడ గాలి పల్చన. ఎవరో అక్కడ చిన్న జెట్ వేసి పంపితే కిందికొచ్చాక పాత జెట్ మళ్లీ వేయించండి. లేకపోతే మన ఎండలో ఇంజన్ ఉడుకుతుంది.

తెల్లపొగ చూసి భయపడేవాళ్లు చాలామంది. కాస్టయిరన్ బుల్లెట్, పాత థండర్‌బర్డ్ గాలికి చల్లబడే బండ్లు, ఇంజన్‌లో నీళ్లు తిరగవు. చలికాలం పొద్దున పల్చగా లేచి, సైలెన్సర్ వేడెక్కగానే మాయమైతే అది ఆవిరి. పోనీయండి.

అసలు పేచీ నీలిపొగతో. అది ఇంజన్ ఆయిల్ మండుతున్న పొగ, వాసన కూడా వేరు. మన మెకానిక్ భాయ్ నీలం కనపడగానే బోరు అంటాడు. రంగు సగం సంగతే చెబుతుంది, మిగతా సగం వఖ్త్ చెబుతుంది. రాత్రంతా నిలబెట్టి పొద్దున కిక్ కొట్టగానే ఒక గుప్పెడు వచ్చి ఆగిపోతే వాల్వు గైడు మీద అనుమానం పెట్టుకోవాలి. దిగుడులో యాక్సిలరేటర్ వదిలేసి, మళ్లీ తిప్పగానే నీలిమేఘం లేచినా అదే అనుమానం. యాక్సిలరేటర్ మూసినప్పుడు ఇంజన్ లోపలికి గట్టిగా పీలుస్తుంది, అరిగిన గైడు సందులోంచి ఆయిల్ కూడా లోపలికి పోతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు, బరువు లాగేటప్పుడు ఆగకుండా వస్తుంటే అప్పుడు రింగులు, బోరు మాట మాట్లాడండి.

పాత కాస్టయిరన్ బుల్లెట్‌కి ఇంకో ఆదత్ ఉంది. వారాల తరబడి నిలబెడితే దాని ఆయిల్ పంపు దాటి మెల్లగా క్రాంక్‌కేస్‌లోకి జారుతుంది. స్టార్ట్ చేయగానే వీధంతా పొగ. పంపు ఆ ఆయిల్‌ని వెనక్కి లాగేశాక బండి షరీఫ్‌గా నడుస్తుంది. ఇది తెలియనివాడు స్టార్ట్ చేయకముందే గేజు పుల్ల తీసి చూసి, ఆయిల్ తగ్గిందని ఇంకో అర లీటరు పోస్తాడు. ఎక్కువైన ఆయిల్ బ్రీదర్ నుంచి కక్కుతుంది, పొగ ఇంకా పెరుగుతుంది. అప్పుడు షెడ్డులో ఫత్వా వస్తుంది: బోరు. ఇంజన్ కాసేపు నడిపాక ఆయిల్ చూసి ఉంటే ఈ తమాషా అంతా ఉండేది కాదు.

అనుమానం తీరకపోతే కంప్రెషన్ గేజు ఉంది. ప్లగ్గు తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుని కిక్ కొట్టి అంకె రాసుకోవాలి. తర్వాత ప్లగ్గు రంధ్రంలోంచి ఒక టీస్పూన్ ఇంజన్ ఆయిల్ వేసి మళ్లీ కొట్టాలి. అంకె బాగా పెరిగితే రింగుల దగ్గర లీకు, పెరగకపోతే వాల్వుల వైపు చూడాలి. మన షెడ్లలో ఎన్నిట్లో ఈ గేజు కనిపిస్తుంది? బోరు అంటే లోహం కోయడం. ఒక్కో సైజుకి మామూలుగా పావు మిల్లీమీటరు పోతుంది. కోసినదాన్ని తిరిగి అతికించలేం. మంచి సిలిండర్‌ని అంచనా మీద కోయడం జుల్మ్.

మన నేల సంగతి కూడా చెప్పాలి. సాలుకి 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా, మిగతా రోజులన్నీ దుమ్మే. గుత్తి రోడ్డులోనో బళ్లారి రోడ్డులోనో లారీ వెనక నడిచే బండి దుమ్ము తింటుంది. ఫిల్టర్ మూసుకుపోతే నల్లపొగ. దాన్ని పట్టించుకోకుండా తిరిగితే మండని పెట్రోల్ సిలిండర్ గోడ మీది ఆయిల్ పొరని కడిగేస్తుంది, కిందికి దిగి ఇంజన్ ఆయిల్‌ని పల్చన చేస్తుంది. అప్పుడు రింగులు నిజంగానే అరుగుతాయి. ఇవాళ్టి నల్లపొగ రేపటి నీలిపొగకి అమ్మ. ఇక సౌండ్ కోసం ఫిల్టరే పీకేసే షౌకీన్లు ఉన్నారు. ఆ దుమ్ము లోపల ఉప్పుకాగితం పని చేస్తుంది.

పొల్యూషన్ సర్టిఫికెట్ ఉందిగా అంటారా? పెట్రోల్ టూవీలర్‌కి ఆ పరీక్ష ఇంజన్ నిలకడగా తిరిగేటప్పుడు కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు కొలిచేది. దిగుడు తర్వాత లేచే నీలిమేఘం దానికి కనపడదు. ఆ కాయితం పోలీసుకి జవాబు, ఇంజన్‌కి కాదు.

మెకానిక్‌ని తిట్టి చేతులు దులుపుకునేవాళ్లంటే నాకు ఇంకా మంట. ఆ షెడ్డు కుర్రాడు చిన్నప్పుడే పానా పట్టాడు, ఉస్తాద్ విప్పితే విప్పడం నేర్చుకున్నాడు. అరగంట కూర్చుని రంగు చూసి, గేజు పెట్టి, "ఏమీ లేదు సాబ్, చోక్ పట్టేసింది" అని చెప్పాడనుకోండి, మనం ఏం ఇస్తాం? ఒక చాయ్. అదే హెడ్డు విప్పి బల్ల మీద పరిస్తే వేలు ఎంచి ఇస్తాం. నిజం చెప్పినవాడికి కమాయి లేదు, విప్పినవాడికి ఉంది. ఈ బజారు రివాజు మనం పెట్టిందే. డాక్టరు చూసినందుకు ఫీజు ఇస్తాంగా? మెకానిక్‌కీ చూసినందుకు మజూరీ ఇవ్వండి. బదులుగా పొగ రంగు, వచ్చే వఖ్త్, కంప్రెషన్ రెండు అంకెలు చీటీ మీద రాయమనండి. చీటీ రాయనివాడి చేతికి బండి ఇవ్వకండి.

ఇంత చూశాక బోరే పోయిందని తేలితే చేయించండి, వద్దనను. పిస్టన్ ముందు కొని, దాన్ని కొలిచి, ఆ కొలతకే బోరు తీయించండి. ఆ తర్వాత కొత్త రింగులు కూర్చునేదాకా కొన్ని వందల కిలోమీటర్లు కాస్త నీలిపొగ రావచ్చు. అది చూసి మళ్లీ హెడ్డు విప్పుదామనేవాడికి సలాం చెప్పి, బండి తిప్పుకుని ఇంటికి వచ్చేయండి.