నాలుకకూ సాము కావాలి

మా తుమ్మలపల్లె లాంటి ఊళ్ల నుంచి వచ్చి సైన్సు చదివే విద్యార్థులకు ఇంగ్లీషు రాదనడం సరికాదు. చదివితే అర్థమౌతుంది, రాయమంటే రాస్తాం. మాట్లాడమంటేనే నోరు పెగలదు. వైవాలో జవాబు తెలిసి కూడా తలొంచుకు నిలబడేవాళ్లు ఎంతమంది లేరు? లోపం తెలివిది కాదు, వాడకానిది. తోడని బావి పాచి పట్టినట్టే మాట్లాడని భాష మూలపడుతుంది.

మరి ఎవరితో మాట్లాడాలి? ఇంట్లోనూ ఊళ్లోనూ ఇంగ్లీషు మాట్లాడేవాళ్లు లేరాయె! తనతో తానే పైకి మాట్లాడుకోవాలని నా అభిప్రాయం.

1820లో కంపెనీ ఉద్యోగిగా కడపకొచ్చిన సి.పి. బ్రౌను దొరకు ఈ చిక్కు లేదు. చుట్టూ తెలుగు జనమే. పైగా పండితులను పెట్టుకున్నాడు. 1829లో వేమన పద్యాలు అచ్చు వేయించాడు, నిఘంటువులు కూర్చాడు. ఆయన పట్టుదల మనకు ఆదర్శమే. కాని బుడ్డల చేను వానకోసం ఎదురుచూసే ఇళ్లల్లో పుట్టిన మనకు జీతమిచ్చి పండితుణ్ణి పెట్టుకునే స్తోమత ఎక్కడిది? మన పండితుడు మనమే కావాలి.

అలాగని ఎవరో రాసిన వాక్యాలు వల్లె వేస్తే లాభం లేదు. పగలు ల్యాబులో చేసిన టైట్రేషన్‌ను, బ్యూరెట్ నింపడం మొదలు రంగు మారేదాకా, రాత్రి పుస్తకం మూసి ఇంగ్లీషులో చెప్పుకోవాలి. మాట దొరక్క ఎక్కడ ఆగామో గుర్తుంచుకుని మర్నాడు వెతుక్కోవాలి. మనసులో అనుకుంటే చాలదు, పెదవి కదలాలి.

అయితే ఒంటరి సాధనకూ ఒక హద్దుంది. మన తెలుగు మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. అందుకే బస్ మన నోట బస్సయింది, రోడ్ రోడ్డయింది. తెలుగులో అది సొగసే. ఇంగ్లీషు మాట్లాడేటప్పుడు అదే అలవాటు అడ్డొస్తుంది, కాని తెలుగుకు మరిగిన మన చెవికి ఆ తేడా తొందరగా అందదు. మన మాట ఫోనులో రికార్డు చేసుకుని రేడియో ఇంగ్లీషు వార్తలతో పోల్చుకుంటే కొంత తెలుస్తుంది. మిగతాది చెప్పడానికి ఎదుట వినే మనిషి ఉండాల్సిందే.

అందుకే విద్యార్థి సంఘానికీ లెక్చరర్లకూ ఒక మనవి. వారానికి ఒక్క గంట, ఒక్క గది ఇప్పించండి. నియమం ఒకటే: చెప్పేవాడు ముగించేదాకా ఎవరూ నవ్వరాదు, తప్పులు ఆ తర్వాతే దిద్దాలి.

మిత్రులారా! ఇంగ్లీషు తెలుగుకంటే గొప్పదని నేననడం లేదు. చదివిన చదువు నోట పలకలేక పల్లె పిల్లలు వెనకబడరాదనే నా బాధ. ఒంటరిగా నోరు తిప్పుకోవడం మా వంతు. నవ్వకుండా వినడం కాలేజీ వంతు.

— బి.ఎస్సీ. విద్యార్థి, తుమ్మలపల్లె