పక్షవాత రోగుల కంఠధమనులు

పక్షవాతమునుండి బ్రతికి బయటపడినవారికై రెండవ దెబ్బ పొంచియుండును. మెదడునకు రక్తము గొనిపోవు కంఠధమని క్రొవ్వు పేరుకొని యిఱుకైనచో నా ముప్పు మఱింత హెచ్చు. పక్షవాత లక్షణములు పొడసూపి, ధమని నూటికి 70 పాళ్లకు మించి యిఱుకైనవారికి శస్త్రచికిత్స మేలని 1991లో ఉత్తర అమెరికా వైద్యుల పరిశోధన నిరూపించినది. ఆలస్యమైనకొలది యా మేలు తగ్గును.

ఈ యిఱుకును అల్ట్రాసౌండు యంత్రము మంచముకడనే చూపగలదు. మెదడులో రక్తస్రావమో, నాళమున అడ్డో తేల్చుటకు సి.టి. పరీక్ష తప్పదు, ఇది దానికి బదులు గాదు, తోడు. గర్భిణులను పరీక్షించుటకు మన జిల్లా ఆసుపత్రులలో యంత్రములు కలవు. కావలసినవి మెడకు తగిన ప్రోబును, డాప్లరు పరీక్ష నేర్చిన చేతులును. ఆ శిక్షణ నొసగక బీదరోగిని దూరపు నగరమునకు పంపుట న్యాయమా? ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వుట పాలనము గాదని ప్రభుత్వమువారికి మనవి చేయుచున్నాము.