సీటు వచ్చింది... చోటు దొరికిందా?

అడ్మిషన్ల కాలం వచ్చిందంటే తిరుపతి, చిత్తూరుల్లో జిరాక్సు దుకాణాలకు తీరిక ఉండదు. స్టడీ సర్టిఫికెట్లు, కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్, టీసీ... ఒక్కోటి మూడేసి సెట్లు! మార్కులు చూసి సీటిచ్చేస్తే పోయేదానికి ఇన్ని కాగితాలెందుకని విసుక్కునే తల్లిదండ్రులూ ఉంటారు. కానీ ఆ ఫైల్లోని ఒక్కో కాగితం వెనుక ఒక్కో పోరాటం ఉంది. విశ్వవిద్యాలయం అందరిదీ అన్న మాటను చట్టంగా మార్చడానికి దశాబ్దాలు పట్టింది మరి.

సీమ అడిగిన వాటా

ముందుగా స్టడీ సర్టిఫికెట్ సంగతి. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో ఏర్పడింది. అది కోస్తాలో ఉంది. తెలుగువారికి వేరే రాష్ట్రం వస్తే చదువులూ కొలువులూ అటువాళ్లకే పోతాయేమోనని రాయలసీమ నాయకులకు అనుమానం. ఆ అనుమానం తీర్చడానికే 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు ఇల్లు ‘శ్రీబాగ్’లో రెండు ప్రాంతాల పెద్దలూ ఒప్పందం రాసుకున్నారు. విశ్వవిద్యాలయ కేంద్రం ఒకటి అనంతపురంలోనూ ఉండాలన్నది అందులో ఒక షరతు.

1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. ఆ మరుసటి ఏడాదే సీమకు విశ్వవిద్యాలయమూ వచ్చింది. అయితే అనంతపురంలో కాదు, తిరుపతిలో! తిరుమల తిరుపతి దేవస్థానం ఇచ్చిన స్థలంలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వెలిసింది. ఎస్.గోవిందరాజులునాయుడు తొలి వైస్ ఛాన్సలర్. అనంతపురం తన సొంత విశ్వవిద్యాలయం కోసం 1981 దాకా ఆగాల్సి వచ్చింది.

గడప కట్టినంత మాత్రాన సరిపోదు కదా, ఎవరిని లోపలికి రానివ్వాలో కూడా తేలాలి. 1969 తెలంగాణ ఉద్యమం, 1972 జై ఆంధ్ర ఉద్యమం తర్వాత 1973లో ఆరు సూత్రాల పథకం వచ్చింది. దాని కొనసాగింపుగా రాజ్యాంగంలో 371-డి అధికరణం చేరింది. 1974లో రాష్ట్రపతి ఉత్తర్వు వెలువడింది. రాష్ట్రం మూడు చదువుల ప్రాంతాలైంది: ఆంధ్ర, ఉస్మానియా, శ్రీ వేంకటేశ్వర. ఉమ్మడి చిత్తూరు, కడప, అనంతపురం, కర్నూలు, నెల్లూరు జిల్లాలది ఎస్వీయూ ప్రాంతం. నూటికి 85 సీట్లు ఆ ప్రాంతం పిల్లలకే. మిగతా 15 అన్‌రిజర్వుడు. తర్వాత ఇదే నేల మీద యోగి వేమన, విక్రమ సింహపురి, రాయలసీమ విశ్వవిద్యాలయాలు పుట్టినా స్థానికత లెక్కకు పాత గీతే ఆధారం.

సరిహద్దు ఇళ్ల చిక్కు

ఈ గీత చిత్తూరు జిల్లావాళ్లను పట్టి ఇబ్బంది పెట్టినంతగా మరెవరినీ పెట్టదేమో. గుమ్మం దాటితే తమిళనాడు, పొలం దాటితే కర్ణాటక. వేలూరులో మేనమామ ఇంట్లో ఉండి, బెంగళూరులో హాస్టల్లో ఉండి చదివే పిల్లలు తక్కువేం కాదు. తీరా సీటు దగ్గరికొచ్చేసరికి ‘నాన్ లోకల్’ అంటారు. తాతల నుంచీ ఇక్కడే ఉన్నవాళ్లం, మేం పరాయివాళ్లమెట్లా అవుతామని అడిగితే జవాబుండదు. ఎందుకంటే ఉత్తర్వు చూసేది పుట్టిన ఊరిని కాదు, చదివిన ఊరిని. అర్హత పరీక్ష రాసిన ఏడాదితో కలిపి వరుసగా కనీసం నాలుగేళ్లు ఈ ప్రాంతంలో చదివి ఉంటే లోకల్. అలా కాక ఏడేళ్లలో వేర్వేరు ప్రాంతాలు తిరిగి చదివితే, ఎక్కువ కాలం ఎక్కడ చదివారన్నది లెక్క.

అంతమాత్రాన తలుపు పూర్తిగా మూసుకుపోదు. తల్లిదండ్రుల్లో ఎవరైనా రాష్ట్రంలో మొత్తం పదేళ్లు నివసించారని ధ్రువీకరణ తెస్తే, ఆ 15 శాతం సీట్లకు పోటీ పడొచ్చు. పిల్లల్ని సరిహద్దు దాటించేముందు ఇంట్లో ఓసారి ఈ లెక్క వేసుకోవడం మేలు.

అపోహలు కొన్ని

ఇక కులం సర్టిఫికెట్. ఎస్సీలకు 15, ఎస్టీలకు 6, బీసీలకు 29... కలిపి 50 శాతం. బీసీల్లో ఏకు 7, బికి 10, సికి 1, డికి 7, ఇకి 4. సుప్రీంకోర్టు 2024 ఆగస్టు 1న ఇచ్చిన తీర్పు తర్వాత రాష్ట్రంలో 2025లో ఎస్సీల ఉపవర్గీకరణ జరిగింది. 15 శాతం మూడు భాగాలైంది. 2019లో 103వ రాజ్యాంగ సవరణతో, ఈ కోటాల్లోకి రాని పేద కుటుంబాలకు ఆర్థిక ప్రాతిపదికన 10 శాతం కేటాయించే వీలూ వచ్చింది.

‘ఓపెన్ అంటే ఓసీలదే’ అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. ఓపెన్ అంటే ఎవరికైనా తెరిచి ఉన్నదని అర్థం. బీసీ అమ్మాయి తన ర్యాంకుతో ఓపెన్లో సీటు తెచ్చుకుంటే అది బీసీ కోటాలో పడదు. ఆమె ప్రతిభ వల్ల ఆ కోటాలో మరొకరికి చోటు మిగులుతుంది. ఆడపిల్లలకిచ్చే 33⅓ శాతం కూడా విడిగా తీసిపెట్టింది కాదు. ఓసీ, బీసీ, ఎస్సీ, ఎస్టీ... ప్రతి వరుసలోనూ మూడో వంతు వాళ్లది.

తిరుపతికి ఈ విషయంలో ఇంకో ప్రత్యేకత ఉంది. ఎన్టీ రామారావు ముఖ్యమంత్రిగా ఉండగా 1983లో మహిళల కోసమే శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఇక్కడ మొదలైంది. ‘ఆడపిల్లను దూరం పంపం’ అన్న ఇళ్లలో చాలామంది ఆ పేరు వింటే ఒప్పుకున్నారు. ఇదే తిరుపతిలోని ఐఐటీలోనూ, మిగతా ఐఐటీల్లో మాదిరే, 2018 నుంచి అమ్మాయిలకు అదనపు సీట్లు కలిపారు.

ర్యాంపు ఒక్కటే చాలదు

సదరం సర్టిఫికెట్ ఉన్నవారికి 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం అండ. అంతకుముందు ఏడుగా ఉన్న వైకల్యాల జాబితాను అది 21కి పెంచింది. వైకల్యం 40 శాతానికి తగ్గకుండా ఉన్నవారికి ఉన్నత విద్యలో కనీసం 5 శాతం సీట్లివ్వాలంది. పరీక్షలో రాసిపెట్టే సహాయకుడినీ, గంటకు 20 నిమిషాలకు తగ్గని అదనపు సమయాన్నీ అడిగి తీసుకోవచ్చు. అది దయ కాదు, హక్కు. కానీ తరగతి మేడ మీదుండి లిఫ్టు లేకపోతే? లైబ్రరీలో పుస్తకాన్ని చదివి వినిపించే కంప్యూటర్ లేకపోతే? అప్పుడు సీటుంది, చోటు లేదు!

ఏ కాగితమూ ఇవ్వలేనిది

అసలు పరీక్ష చేరిన తర్వాతే మొదలవుతుంది. తెలుగు మీడియంలో డిగ్రీ చదివి వచ్చిన పిల్లవాడికి మొదటి సెమిస్టరంతా ఇంగ్లీషు పాఠాల హోరే. ‘నీ ర్యాంకెంత’ అన్న ప్రశ్న వెనుక ‘నీ కులమేంటి’ అన్న ఆరా దాక్కుని ఉంటుంది. అందుకే యూజీసీ 2012లో, విద్యార్థులపై వివక్ష చూపకుండా ప్రతి విద్యాసంస్థలోనూ సమాన అవకాశాల విభాగం ఉండాలనీ, ఫిర్యాదులు వినే అధికారి ఉండాలనీ నిబంధనలు తెచ్చింది. నిబంధనలుంటే సరిపోదని 2016 జనవరిలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల ఆత్మహత్య దేశానికంతటికీ గుర్తు చేసింది.

భాష విషయంలో దారి చూపే ప్రయత్నమూ ఈ జిల్లాలోనే జరిగింది. మూడు రాష్ట్రాలు కలిసేచోట, కుప్పంలో, 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం పెట్టారు. తెలుగు, తమిళం, కన్నడంతో పాటు తుళు భాషకూ, గిరిజనుల భాషలకూ అక్కడ అధ్యయనంలో స్థానం కల్పించారు. ఇంట్లో తమిళం, వీధిలో తెలుగు, సంతలో కన్నడం మాట్లాడే ఊళ్లకు కలుపుగోలుతనం కొత్తగా నేర్పాల్సిన పనిలేదు. దాన్ని హాస్టలు మెస్సులోకీ, తరగతి గదిలోకీ తీసుకురావడమే మిగిలింది.

కాబట్టి పిల్లల్ని చేర్చేరోజున ఫీజు కౌంటరు ఎక్కడని అడిగినట్టే సమాన అవకాశాల విభాగం ఎక్కడ, అక్కడ ఎవరిని కలవాలి అని కూడా అడగండి. ఆ పేరూ ఫోన్ నంబరూ రాసి పిల్లల చేతికివ్వండి. వాడే అవసరం రాకపోతే సంతోషమే. వస్తే మాత్రం, ఫైల్లోని మిగతా కాగితాలన్నిటికంటే అదే ముందు పనికొస్తుంది.