జెల్‌పై కొత్త పట్టీ కనిపిస్తే ముందు ఉప్పును అనుమానించాలి

నెల్లూరు తీర మండలాల్లో చౌడును, ఉప్పునీటిని తట్టుకునే వరి కోసం జరిగే పరిశోధనల్లో మాంసకృత్తుల విశ్లేషణ ఇప్పుడు సాధారణమైంది. కొన్నేళ్ల క్రితం నా పర్యవేక్షణలో ఉన్న ఒక విద్యార్థిని జెల్ చిత్రం తీసుకొని ఎంతో సంతోషంగా వచ్చింది. ఉప్పునీరు పెట్టిన నారు వరుసల్లో, మామూలు నారులో లేని ఒక పట్టీ కనిపిస్తున్నది. లవణ సహనానికి సంబంధించిన మాంసకృత్తి దొరికిందని ఆమె భావన. అయితే ఆ వరుసల్లోని మిగిలిన పట్టీలు కూడా వంకరపోయి ఉన్నాయి. పక్క వరుసలనూ నెట్టాయి. నాకు సందేహం అక్కడే మొదలైంది.

నమూనాలో లవణం ఎక్కువైతే ఆ వరుసలో విద్యుత్ ప్రవాహం తీరు మారి పట్టీలు చెదురుతాయి. ఆకు రసంలో సహజంగానే ఉండే పొటాషియం ఎస్‌డీఎస్‌తో కలిసి తెల్లని అవక్షేపంగా మారడం మరో చిక్కు. కాబట్టి మామూలు నారు రసంలో అంతే ఉప్పు కలిపి పక్కనే నడపమన్నాను. అందులోనూ అదే వంకర వచ్చింది. ట్రైక్లోరోఅసిటిక్ ఆమ్లం, చల్లని ఎసిటోన్‌తో మాంసకృత్తులను అవక్షేపించి, లవణాలను తొలగించి మళ్లీ నడిపితే కొత్త పట్టీ మాయమైంది.

జెల్ చెడినప్పుడు మన ప్రయోగశాలల్లో మొదట వినిపించే మాట ‘పరికరం పాడైంది’. వెంటనే కొత్త పవర్ ప్యాక్ కొనుగోలుకు ప్రతిపాదన తయారవుతుంది. నా అనుభవంలో తప్పు పరికరంలో కన్నా నీటిలో, గాలిలో, మన చేతిలో ఎక్కువ. తీరంలోని తేమకు అమోనియం పర్‌సల్ఫేట్ త్వరగా సత్తువ కోల్పోతుంది. నీటిలో వేయగానే చిటపటమనని పొడితో జెల్ సరిగా గట్టిపడదు. దానిని బిగుతైన మూతతో, తేమ తగలకుండా ఉంచాలి. ద్రావణాన్ని తాజాగా కలుపుకోవాలి. గట్టిపడని ఎక్రిలమైడ్ నాడీవ్యవస్థకు హాని చేస్తుంది కనుక చేతి తొడుగులు తప్పనిసరి.

విద్యార్థులు తరచుగా చేసే పొరపాటు మరొకటి ఉంది. ట్యాంకులో పోసే ట్రిస్-గ్లైసిన్ బఫర్ ఉదజని సూచిక 8.3 ఉండాలని చదివి, దానిని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో సరిచేస్తారు. ట్రిస్ 25 మిల్లీమోలార్, గ్లైసిన్ 192 మిల్లీమోలార్ తూచి కలిపితే ఆ సూచిక దానంతటదే వస్తుంది. అనవసరంగా చేర్చిన క్లోరైడ్ కరెంటును, వేడిని పెంచుతుంది. లేమ్లీ 1970లో ప్రకటించిన పద్ధతి పేరు ప్రతి సిద్ధాంత గ్రంథంలో కనిపిస్తుంది. కానీ ఆ పద్ధతిలో క్లోరైడ్ ఎక్కడ ఉండాలో, ఎక్కడ ఉండకూడదో చెప్పగలిగిన విద్యార్థి అరుదు.

మధ్య వరుసలు ముందుకు పరుగెత్తి, అంచులు వెనుకబడితే అది వేడి లక్షణం. స్థిర కరెంటుపై నడిపితే సమయం గడిచేకొద్దీ నిరోధం, దానితో వోల్టేజి, వేడి పెరుగుతాయి. మన వేసవిలో కరెంటు తగ్గించి, ట్యాంకును మంచులో ఉంచి, ఎక్కువసేపు నడపడమే మేలు.

పవర్ ప్యాక్ అసలు కరెంటు పంపకపోతే పై గదిలో బఫర్ కారిపోయిందేమో చూడాలి. ప్లాటినం తీగ వెంట బుడగలు రాకపోతే వలయం తెగినట్లే. ప్లగ్గును పీకివేసిన తర్వాత మల్టీమీటర్‌తో తీగను, అతుకులను పరీక్షించాలి. ఉప్పుగాలికి పచ్చగా చిలుము పట్టిన అతుకు ఒక్కటే కారణమై, దానిని గీకితే పవర్ ప్యాక్ మళ్లీ పనిచేయడం నేను చూశాను.

విస్తరణ శాస్త్రవేత్తలకు ఇదంతా ఎందుకన్న ప్రశ్న రావచ్చు. ఒక రకం లవణాన్ని తట్టుకుంటుందన్న మాటను రైతు వద్దకు చేర్చేది వారే. ఆ మాటకు ఆధారం జెల్ చిత్రమైతే, లవణాలు తొలగించిన నమూనాతో మళ్లీ నడిపారా అని అడిగే హక్కు వారికుంది. తెలిసిన నమూనాను ప్రతి జెల్‌లో ఒక వరుసలో నడపాలని కూడా నేను కోరతాను. వరి గింజలోని గ్లూటెలిన్ అందుకు చాలు: దాని ఉపభాగాలు సుమారు 37-39, 22-23 కిలోడాల్టన్ల వద్ద నిలవాలి. అవి చెదిరిన జెల్‌ను చదవకూడదు.

ఆ విద్యార్థిని సిద్ధాంత గ్రంథంలో కొత్త పట్టీ లేదు. ఆ పుటలో ఉప్పు కలిపిన మామూలు నారు వరుస చిత్రం ఉన్నది.