రోదసికి వెళ్లిన రేజరు



పాత రేజరొకటి చూపి, ఇది రోదసికి వెళ్లి వచ్చిందని అమ్మేవాడంటే ఎలా నమ్మాలని సంతోష్‌నగర్ యవనస్థుడొకరు అడిగారు. మంచి ప్రశ్నే.

ముందు ఏ ప్రయాణమో అడగండి. 1969 మేలో అపోలో 10 వెళ్లేదాకా అమెరికా యాత్రికులు రోదసిలో గడ్డం గీసుకోలేదు. తెగిన వెంట్రుకలు బరువులేక తేలుతూ కళ్లలోనో యంత్రాలలోనో దూరుతాయని భయం. చిక్కని క్రీము వాటిని పట్టి ఉంచింది. కనుక 1965 నాటి జెమినిలో వాడిన రేజరంటే అనుమానించవలసిందే.

నౌక అంకె మరో చిక్కు. మన హైదరాబాదు సెయింట్ జార్జి గ్రామర్ స్కూలులో చదివిన రాకేశ్ శర్మగారు 1984 ఏప్రిల్ 3న సోయుజ్ టి-11లో వెళ్లి, 11న టి-10లో దిగారు. ఢిల్లీ నెహ్రూ ప్లానెటేరియానికి చేరినది ఆ టి-10యే. ఆయన షేవింగు సామానని చెప్పే కాగితంలో రెండు పేర్లూ ఉంటే కంగారుపడవద్దు. టి-11 ఒక్కటే ఉంటే, తిరిగి ఎందులో వచ్చిందని అడగండి.