మట్టిలో మరుగుపడిన గృహములు

ఒక సోదరి మాకొక లేఖ వ్రాసినారు. ఆమె కుమార్తె చరిత్ర ప్రధానాంశముగా బి.ఏ. ముగించి, పుణెలోని దక్కను కళాశాలలో పురాతత్త్వశాస్త్రము చదువ గోరుచున్నదట. ఇంటి పెద్దలు మూడు ఆక్షేపణలు చెప్పుచున్నారట. డేరాలలో నివసించి, ఎండలో మన్ను త్రవ్వుట ఆడపిల్లకు తగదనుట యొకటి. పీనుగులను త్రవ్వి తీయు చదువు అరిష్టమనుట రెండవది. ఇంత చదివినను కొలువు దొరకదనుట మూడవది. ఇట్టి సందేహములు మరికొందరు తల్లులకును కలుగవచ్చును గాన ఇచ్చటనే ప్రత్యుత్తరము వ్రాయుచున్నాము.

ఆ కళాశాల 1821లో హిందూ కళాశాలగా వెలసి, 1934లో మూతపడి, 1939లో పరిశోధనాలయముగా మరల తెరవబడినది. 1990లో దానికి విశ్వవిద్యాలయముతో సమానమైన ప్రతిపత్తి లభించినది. 1939లో అచ్చట చేరిన పండితులలో హస్ముఖ్ ధీరజ్‌లాల్ సంకాలియా గారొకరు, ఇరావతీ కర్వే గారొకరు. మహాభారత పాత్రలను గూర్చి ‘యుగాంత’ రచించిన విదుషీమణి యీమెయే. జర్మనీ దేశమున మానవశాస్త్రము చదివి పట్టము పొందివచ్చిన యీమె, 1940 తరువాతి దశాబ్దమున సంకాలియా గారితో గూడి గుజరాతునందలి లంఘణజ్ గ్రామమున త్రవ్వకములకు వెళ్లిరి. రాతిపనిముట్లు వాడిన ప్రాచీనుల అస్థిపంజరము లచ్చట బయల్పడినవి. ఇరావతి గారు గృహిణి, బిడ్డల తల్లి. డేరాలో నుండుటచే ఆమె గృహిణీత్వమునకు లోటేమియు రాలేదు.

ఇంకొక మాట. మన దేశమున త్రవ్వకము జరుగు తావులలో గంపలతో మన్ను మోయువారిలో పల్లె స్త్రీలు ఎందరో కలరు. వారిని గూర్చి ఎండ తగదని యే పెద్దయు పలికియుండలేదు. గంప మోయుటకు అడ్డురాని యెండ గ్రంథము వ్రాయుటకు మాత్ర మేల అడ్డురావలెను?

త్రవ్వుట యనగా పలుగుపారలతో గొయ్యి తీయుట యని తలపరాదు. నేలను త్రాళ్లతో చదరములుగా విభజించి, చిన్న తాపీతోను కుంచెతోను పొరపొరగా మన్ను తొలగింతురు. ఏ వస్తువు ఏ పొరలో దొరికినదో కొలిచి, వ్రాసి, ఛాయాచిత్రము తీయుదురు. ఒకసారి చెదరిన పొరను మరల పేర్చుట బ్రహ్మకైనను శక్యము కాదు గనుక, తొందర గలవారి కీ పని యబ్బదు. తీసిన మన్నును జల్లెడ పట్టుదురు. కొంత మట్టిని నీట కలిపినచో, ఏనాడో పొయ్యి దగ్గర మాడిన గింజలు పైకి తేలివచ్చును. బియ్యము గాలించునపుడు రాయి అడుగున నిలిచి పొట్టు తేలుట యెరిగిన మనకిది వింతగా దోపదు.

ఈ విధమున ఆ కళాశాలవారు పుణె జిల్లాలో ఘోడ్ నదీతీరమున ఇనాంగావ్ అను చోట 1968 మొదలు 1983 వరకు త్రవ్విరి. అచ్చట వెలువడినవి రాజుల సింహాసనములు కావు, గృహములు. సుమారు క్రీ.పూ. 1600 నుండి 700 వరకు కాపురములు చేసినవారి మట్టియిండ్లు, పొయ్యిలు, ధాన్యపు గాదెలు, కుండపెంకులు, పూసలు. యవలు వారికి ముఖ్యధాన్యము, ఉలవలును వండుకొనిరి. మొదట నలుచదరపు పెద్ద యిండ్లలో నుండినవారు, క్రీ.పూ. 1000 ప్రాంతము తరువాత చిన్న గుండ్రని గుడిసెలలోనికి దిగజారిరి. వానలు తగ్గి పైరులు దెబ్బతినగా, పశువులను మేపుకొనియు వేటాడియు బ్రతికిరని పండితుల నిర్ణయము. ఒక సంసారము చితికిపోయిన సంగతి దాని పొయ్యి జూచియు, ధాన్యపు పాత్ర జూచియు గ్రహించుట గృహిణికి తెలిసిన విద్యయే కదా.

ఇక అరిష్టమను మాట. ఇనాంగావ్ వాసులు తమవారిని ఇంటి నేలలోనే పూడ్చెడివారు. పసిబిడ్డ మరణించినచో, రెండు కుండలను మూతికి మూతి చేర్చి, అందు బిడ్డను పరుండబెట్టి, గచ్చు క్రింద పాతిరి. పెద్దవారి కైతే చీలమండల దిగువ పాదములు ఖండించి పూడ్చిరి. పోయినవారు లేచి వెడలిపోరాదని యట్లు చేసిరేమో యని కొందరి యూహ. పోయిన బిడ్డను పొయ్యి చెంతనే దాచుకొన్న ఆ తల్లి శోకము మూడువేల యేండ్ల తరువాత మనకు తెలియుట అరిష్టమని మేమనజాలము. ఆ యెముకలను, పండ్లను పరీక్షించి యప్పటి రోగములను, ఆహారమును తెలిసికొనుచున్నారు. కాని యవి యొకప్పుడు మనుష్యులని మరువక, భక్తితో తాకవలెనని ఆ బాలికకు తల్లియే చెప్పవలెను.

ఈ విద్య తెలుగువారికి క్రొత్తదియు గాదు. దక్కను కళాశాల విద్యార్థియైన బెండపూడి సుబ్బారావు గారు బళ్లారి యొద్దనున్న సంగనకల్లులో త్రవ్విరి. ఆ కళాశాలకు అధ్యక్షత వహించిన కట్రగడ్డ పద్దయ్య గారు కన్నడ సీమలోని బూదిహాళ్‌లో బూడిద దిబ్బ త్రవ్వి, అది ప్రాచీనుల పశువులదొడ్డి యని చూపిరి. హంపి చెంత నింబాపురమున నున్న యట్టి దిబ్బను వాలి దహనమైన చోటని జనులు చెప్పుకొందురు. ఇంట రామాయణము చదువుకొన్న మాకు ఆ కథ ప్రియమే. ఐనను ఆ దిబ్బలు తరతరముల పేడ కాలిన బూడిదయని విన్నపుడు, పిడకల పొయ్యి నెరిగినవారము గాన నవ్వుకొని యొప్పుకొంటిమి.

మూడవ యాక్షేపణలో నిజము కలదు. 1861లో నెలకొన్న కేంద్ర పురావస్తుశాఖ, రాష్ట్రశాఖలు, వస్తుప్రదర్శనశాలలు, విశ్వవిద్యాలయములు—కొలువులిచ్చు తావులివి. పదవులు కొద్ది, పోటీ మెండు. త్రవ్వకము సాగినన్నాళ్లే జీతము దొరకు పనులును కలవు. పదవి దొరకిన స్త్రీ శిఖరము నందుకొనలేదా యన, 1981లో దేబలా మిత్రా గారు ఆ కేంద్రశాఖకు తొలి మహిళా సర్వాధికారిణి యైరి. అంతటి పదవి అందరికిని రాదు. కాన పట్టముతో తృప్తిపడక కుండల చిత్తరువులు గీయుటయో, గింజల నెముకల పరీక్షయో, శిథిలవస్తు సంరక్షణమో, ఏదో యొక హస్తనైపుణ్యమును బాగుగా నేర్వవలెనని ఆ బాలికకు మా హితవు.

తల్లికి మేము చెప్పునది యిది. వివాహపు మాట రెండేండ్లు ఆపుడు. పంపుటకు ముందు మూడు సంగతులు వ్రాసి కనుగొనుడు: త్రవ్వకపు డేరాలలో స్త్రీలకు వేరు వసతియు స్నానపుగదియు కలవా? జబ్బు చేసినచో వైద్యుడెంత దూరము? ఆమె చేసిన పనికి గ్రంథమున ఆమె పేరు వ్రాయుదురా? మొదటి రెండును ఏ తల్లియైనను అడుగును. మూడవదానిని మరువకుడు.