యాప్ చేసే పనిముట్టును విప్పి చూపించాలి

మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీలకు కొదవ లేదు. వాటిలో ఒకదాంట్లో నేను కంప్యూటర్ సైన్స్ చెబుతాను. ఫైనలియర్ ప్రాజెక్టులు మొదలైతే మా ల్యాబ్‌లో ఎక్కడ విన్నా ఫ్లట్టర్ మాటే. దాంతో ఒకసారి కోడ్ రాస్తే ఆండ్రాయిడ్‌లోనూ ఐఫోన్‌లోనూ యాప్ నడుస్తుంది మరి. కాలేజీలో చెప్పింది చాలక బస్సెక్కి అమీర్‌పేట మైత్రీవనం దాకా వెళ్లి నేర్చుకునే పిల్లలున్నారు. ఇలాంటి పనిముట్టు మీద మన హైదరాబాద్‌లోనే ఏళ్ల తరబడి పని జరిగిందని వాళ్లకు చెప్పినవాళ్లు మాత్రం లేరు.

ఐఫోన్ బయటికొచ్చిన 2007లోనే రాజ్ కోనేరు ‘కోనీ’ కంపెనీ మొదలుపెట్టారు. అంతకుముందు అమెరికాలో ఇంటెలిగ్రూప్ సహ వ్యవస్థాపకుల్లో ఆయన ఒకరు. కోనీ ప్రధాన కార్యాలయం అమెరికాలో ఉన్నా, పెద్ద డెవలప్‌మెంట్ సెంటర్ హైదరాబాద్‌లో ఉండేది. అప్పటి ఫోన్ల సంగతి నేటి పిల్లలకు తెలియదు. నోకియాలో సింబియన్, బ్లాక్‌బెర్రీది ఇంకో దారి, విండోస్ మొబైల్ మరొకటి, చిన్న ఫోన్లలో జావా. 2008లో వీటికి ఆండ్రాయిడ్ తోడైంది. ఓ బ్యాంకుకు యాప్ కావాలంటే ఒక్కోదానికీ విడిగా రాయించుకోవాల్సిందే. కోనీ పద్ధతిలో ఒక్కసారి, మొదట్లో లువా భాషలో, తర్వాత జావాస్క్రిప్ట్‌లో రాస్తే చాలు. ఏ ఫోనుకు తగ్గ రూపం ఆ ఫోనుకు వచ్చేది. ఇలాంటి పనిముట్టే అయిన రియాక్ట్ నేటివ్‌ను ఫేస్‌బుక్ బయటపెట్టింది 2015లో. ఫ్లట్టర్ 1.0 వచ్చింది 2018 డిసెంబరులో. మనవాళ్లు ఎంత ముందే ఈ చిక్కుముడి విప్పడానికి పూనుకున్నారో చూడండి.

2019లో స్విట్జర్లాండ్ బ్యాంకింగ్ సాఫ్ట్‌వేర్ కంపెనీ టెమెనోస్ 55.9 కోట్ల డాలర్లకు కోనీని కొనుక్కుంది. వ్యాపారంగా అది గొప్ప విజయమే. అయితే కోనీ పెద్ద కంపెనీలకు లైసెన్సు మీద అమ్మిన సరుకు. దాని లోపలి కోడ్ మా విద్యార్థుల కంట పడే అవకాశం లేకపోయింది. రియాక్ట్ నేటివ్, ఫ్లట్టర్ అలా కాదు, సోర్సు మొత్తం తెరిచే ఉంది. తెరిచి ఉన్నదాన్ని కూడా మేం చూపించడం లేదు, అదీ నా బాధ.

ఈమధ్య శామీర్‌పేట వైపు నుంచి వచ్చే ఒకమ్మాయి ఫ్లట్టర్‌లో కూరగాయల తూకం యాప్ చేసింది. బ్లూటూత్ కాటా నుంచి బరువు నేరుగా ఫోన్లోకి రావాలి. ఆ కాటాకు రెడీమేడ్ ప్లగిన్ లేదు. గత్యంతరం లేక ఆండ్రాయిడ్ ఫోల్డర్ తెరిచి కోట్లిన్ భాషలో తనే రాసుకుంది. అయినా స్క్రీన్ మీద ‘మిస్సింగ్ ప్లగిన్ ఎక్సెప్షన్’ అని ఎర్రటి అక్షరాలే. ఫ్లట్టర్ భాష అయిన డార్ట్ వైపు ఇచ్చిన ఛానల్ పేరుకూ కోట్లిన్ వైపు పేరుకూ ఒక్క అక్షరం తేడా! అది దిద్దగానే కాటా అంకె ఫోన్లో కదిలింది. రెండు వైపుల మధ్య సందేశం ఎలా వెళ్తుందో, ఎక్కడ తెగుతుందో ఆ పూట ఆమెకు తెలిసినంత మా థియరీ క్లాసులో ఎవరికీ తెలియలేదు.

‘కంపెనీలు ఫ్లట్టర్ అడుగుతున్నాయి, అది నేర్పితే చాలదా?’ అంటారు ప్లేస్‌మెంట్ చూసేవాళ్లు. ఒకప్పుడు ఫోన్‌గ్యాప్ అడిగారు. అడోబీ దాన్ని 2020లో ఆపేసింది. తర్వాత జామరిన్ అడిగారు. 2024 మేలో మైక్రోసాఫ్ట్ దానికి సపోర్టు ఎత్తేసింది. లోపలి పని తెలిసినవాడు ఇంకో పనిముట్టుకు తేలిగ్గా మారగలడు. బటన్లు నొక్కడమే నేర్చినవాడు మళ్లీ అమీర్‌పేట బస్సెక్కాల్సిందే.

అటానమస్ కాలేజీలు సిలబస్ సొంతంగా వేసుకుంటున్నాయి. ఈసారి అకడమిక్ కౌన్సిల్ కూర్చున్నప్పుడు మూడో సంవత్సరంలో రెండు క్రెడిట్లు ఈ పనిముట్ల లోపలి పని నేర్పడానికివ్వండి. పిల్లలతో ఫ్లట్టర్‌కు ఓ చిన్న ప్లగిన్ రాయించండి, రియాక్ట్ నేటివ్ సోర్సులో ఒక బటన్ ఎలా పుడుతుందో వెతికించండి. కోనీలో పనిచేసిన ఇంజనీర్లు ఈ నగరంలోనే ఉన్నారు. శనివారాలు వాళ్లను మా ల్యాబులకు పిలవండి.